షాంపూకి వదలని పసుపు

ఆరు వారాల తర్వాత మళ్లీ వృద్ధుల హోమ్‌లో అడుగు పెట్టిన మార్లిస్‌కి ముందుగా కనిపించింది పసుపు. హాల్లో కిటికీల వెంట చక్రాల కుర్చీల్లో కూర్చున్న ముసలమ్మల తలలన్నీ పాత పేపర్ల రంగుకి తిరిగి ఉన్నాయి. బయట రోడ్డు పక్కన మార్చి నెల మంచు మురికిపట్టి గుట్టలుగా పడి ఉంది. లోపల పడిన ఎండలో ఆ తలలు ఇంకా అధ్వానంగా కనిపించాయి.

"ఇదేంటే తల్లీ, అందరూ మొక్కజొన్న పీచులా అయిపోయారు!" అంది కోటు విప్పుతూ.

"నువ్వు మొగుడితో షికార్లు కొడుతుంటే మమ్మల్ని చూసేదెవరు?" అంది కిటికీ పక్క ముసలావిడ. నలుగురూ నవ్వారు.

షికారంటే ఆసుపత్రి. ఫిబ్రవరి మొదట్లో అర్విడ్ వాకిట్లో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలూ మార్లిస్ మార్క్వెట్ పట్నంలో అతని మంచం పక్కనే ఉంది. ఇప్పుడతను వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. ఒంటరిగా వదిలితే మాత్రం స్టవ్ వెలిగించి మర్చిపోతాడు. అందుకే ఆమె పనిచేసే రోజుల్లో అతన్ని హోమ్ హాల్లో కూర్చోబెట్టుకోవచ్చని డైరెక్టర్ గ్రెచెన్ నోటిమాటగా ఒప్పుకుంది. ఆ ఒక్క మాట మీదే మార్లిస్ పనంతా నిలబడి ఉంది. చుట్టుపక్కల యాభై మైళ్లలో ఇంకో హోమ్ లేదు.

అర్విడ్‌ని టీవీ ముందు కూర్చోబెట్టి, ఆమె జుట్టు పని చేసే తన గదిలోకి వెళ్లింది. ఒక బేసిను, రెండు డ్రయ్యర్లు, ఒక అద్దం. సింకు మీద తుప్పు చార ఆరు వారాల్లో ఇంకో వేలెడు పెరిగింది. ఊరి బోరు నీళ్లలో ఇనుమెక్కువ. తెల్ల సింకునే వదలని నీళ్లు తెల్ల జుట్టుని వదులుతాయా? అల్మరాలోంచి ఊదా షాంపూ డబ్బా తీసింది. పసుపుని మింగేది ఆ ఊదా రంగే. పలచటి జుట్టుకి రెండు నిమిషాలు చాలు, గట్టి జుట్టుకి నాలుగు. అంతకు మించితే లేత ఊదా దిగిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక రైతు భార్యని ఏడు నిమిషాలు ఉంచింది. ఆవిడ ఈస్టర్ ప్రార్థనకి లేత ఊదా తలతో వెళ్లొచ్చింది. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గ్రెచెన్ తలుపు దగ్గర నిలబడింది. నలభై ఐదేళ్ల మనిషి. ఎప్పుడూ మెత్తగానే మాట్లాడుతుంది.

"వచ్చారా మార్లిస్, బతికించారు. గురువారం రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఇన్‌స్పెక్షన్. ఈలోగా అందరి తలలూ మెరవాలి. లిస్టు ఇదిగో."

మార్లిస్ లిస్టు పైనుంచి కిందికి చూసింది. "ఐలీ అత్త పేరు లేదేంటండీ?"

"ఆవిడకి ఓపిక లేదు. ఎందుకు కదిలించడం?"

"ఓపిక లేకపోయినా తల కడిగించుకుంటే ఆవిడ ప్రాణం లేచొస్తుంది. నేను చూసుకుంటాలెండి."

గ్రెచెన్ ఫోన్ మోగుతోందని వెళ్లిపోయింది.

ఐలీ కోస్కెలా ముప్పై నాలుగేళ్లు స్కూలు బస్సు నడిపింది. ఊరి పిల్లలందరికీ ఆవిడ అత్తే. నలభై ఏళ్లకే తల ముగ్గుబుట్టలా తెల్లబడితే రంగు వెయ్యనివ్వలేదు. "మంచులో బస్సు ఆగిపోతే వెతికేవాళ్లకి దూరం నుంచే కనపడతా," అనేది. శుక్రవారం శుక్రవారం, అప్పట్లో మార్లిస్ నడిపిన షాపుకి వచ్చి తల సెట్ చేయించుకునేది. ఇరవై ఏడేళ్లలో ఒక్క వారం తప్పలేదు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చాక ఆవిడకి ఒక్క మాట మిగిలింది. సరే. నీళ్లు కావాలన్నా సరే, వద్దన్నా సరే.

సహాయకురాలు కోరిన్ ఐలీని కుర్చీలో తోసుకుంటూ తీసుకొచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. నిద్ర చాలని కళ్లు. ఐలీ తలకి ఊలు టోపీ పెట్టి ఉంది.

"లోపల వెచ్చగానే ఉందిగా, టోపీ ఎందుకమ్మాయ్?"

"ఉండనివ్వమన్నారు," అంది కోరిన్. ఎవరన్నారో చెప్పలేదు. పై గదిలో గంట మోగితే పరుగెత్తింది.

మార్లిస్ టోపీ తీసింది. ముందు జుట్టంతా పసుపే, కానీ అది నీళ్ల పసుపు. తెలిసిందే. వెనకవైపు అరచేయంత మేర జుట్టు ఉన్ని బొంతలా అట్టకట్టుకుపోయి ఉంది. అక్కడి పసుపు వేరుగా, ముదురుగా ఉంది. దగ్గరికి వంగితే పులిసిన వాసన. పడుకునీ పడుకునీ చిక్కుపడిందనుకుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి, రెండుసార్లు మామూలు షాంపూతో రుద్ది, తర్వాత ఊదా నురగ పట్టించింది. వేళ్లు ఆ అట్టకి తగలగానే ఐలీ "సరే, సరే, సరే" అంది, గబగబా.

"అయిపోయింది అత్తా, ఇంకొంచెమే."

మూడు నిమిషాలకి ముందు జుట్టు తెలుపు తేలింది. వెనక అట్ట తేలలేదు. ఇంకో రెండు నిమిషాలు ఉంచింది. తర్వాత ఇంకో మూడు. మొత్తం ఎనిమిది. మార్లిస్ ఏ తల మీదా అంతసేపు ఉంచిన మనిషి కాదు. చిక్కు విడదీద్దామని దువ్వెన అందుకునేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. ఇంకా ఐదుగురు వరసలో ఉన్నారు. రేపు చూద్దాంలే అనుకుని తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ గాలి పట్టి పంపేసింది. ముందు నుంచి చూస్తే ఐలీ తల మంచి తెలుపుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె ముందుగా ఐలీ గదికే వెళ్లింది. ఐలీ మంచం మీద వెల్లకిలా ఉంది, కళ్లు తెరుచుకునే. మార్లిస్ మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తింది. దిండు గలేబు మీద చేతి వెడల్పున మరక. పసుపు, మధ్యలో గోధుమరంగు, చుట్టూ సన్నగా ఊదా. నిన్న ఆరబెట్టి పంపిన జుట్టు మళ్లీ అదే చోట తడిగా, పసుపుగా ఉంది.

నీళ్ల పసుపైతే కడిగిన మర్నాటికి తిరిగి రాదు. సిగరెట్ పొగదైనా, మందులదైనా వారాలు పడుతుంది. రాత్రికి రాత్రి వచ్చేది లోపల్నుంచి ఊరేదే. ముప్పై ఏళ్ల పని తెలిసిన మనిషికి ఇది నిన్ననే తట్టాల్సింది.

ఐలీని పక్కకి తిప్పి, తన ఒడి మీద తల ఆనించుకుని, సన్నకాడ దువ్వెనతో వెంట్రుక తర్వాత వెంట్రుక విడదీయడం మొదలుపెట్టింది. విడిపోని చోట చిన్న కత్తెర వాడింది. పావుగంటకి అట్ట కింద చర్మం బయటపడాలి. బయటపడింది చర్మం కాదు. గుంట. పడకపుండు. అంచులు నల్లగా, లోపల చీము. నిన్నటి షాంపూ రంగు అంచుల చుట్టూ పట్టి ఉంది. మార్లిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సరే," అంది ఐలీ. కంట్లోంచి ముక్కు పక్కకి నీళ్లు కారుతున్నాయి.

కోరిన్ దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చి, చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీకు తెలుసా ఇది?"

కోరిన్ తలుపు దగ్గరికి వేసింది. "వాసన వస్తోందని చెప్పాను. రెండుసార్లు. నర్సు చూస్తుందన్నారు."

"చూసిందా?"

"ఉన్నది ఒక్క నర్సు. పై అంతస్తు, కింది అంతస్తు రెండూ ఆవిడే. నాకు ఇరవై రెండు మంది. రెండు గంటలకోసారి ఒక్కొక్కరినీ పక్కకి తిప్పాలంటారు. మీరే చెప్పండి, ఎలా తిప్పను?"

"తల కడిగేటప్పుడైనా..."

"తల మా పని కాదు. మెడ కింది నుంచే మాది. షీట్‌లో తల దగ్గర మీ పేరుంటుంది. వారం వారం టిక్కు పెట్టేస్తారు."

"ఆరు వారాలు నేను లేనేలేను కదే!"

"ఆ సంగతి షీట్‌కి తెలీదుగా," అంది కోరిన్. వెంటనే గొంతు తగ్గించి, "నేను చెప్పానని మాత్రం అనకండి. ఇద్దరు పిల్లలతో బతుకుతున్నాను," అంది.

మార్లిస్ నేరుగా గ్రెచెన్ గదికి వెళ్లింది. చెప్పింది. గ్రెచెన్ విన్నంతసేపూ తలూపింది. ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నర్సు దృష్టిలో ఉంది మార్లిస్. శుక్రవారం డాక్టర్ వస్తున్నాడు. అప్పుడు కట్టు కట్టిస్తాం."

"శుక్రవారందాకానా? ఈ రోజే కట్టొచ్చు కదండీ."

"రేపు కట్టుతో కనిపిస్తే వాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. ఈ హోమ్‌కి ఇప్పటికే రెండు హెచ్చరికలున్నాయి. మూడోది పడితే మూసేస్తారు. అరవై మందిని ఎక్కడికి పంపమంటారు? వాళ్లలో మీవాళ్లు లేరా? అర్విడ్ రెండు రోజుల్లోనే ఇక్కడ ఎంత బాగా కుదురుకున్నారు!" గ్రెచెన్ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మీ చేతుల్లో పనితనం ఉంది. ఒక్క రోజు. వెనక జుట్టు కొంచెం ఎత్తుగా దువ్వండి చాలు."

మార్లిస్ హాల్లోకి వచ్చింది. అర్విడ్ టీవీ ముందు కూర్చుని, పక్క ముసలాయనకి కాఫీలో పంచదార కలిపి పెడుతున్నాడు. ఇంట్లో తన కాఫీలో తను పంచదార వేసుకోవడం మర్చిపోతాడు. ఆమెని చూసి చెంచా ఎత్తి నవ్వాడు.

ఆ మధ్యాహ్నం మార్లిస్ గ్రెచెన్ చెప్పినట్టే చేసింది. పుండుని ఉప్పునీళ్లతో కడిగింది. పైన పొడిగా, గాయాల కట్టుకి వాడే గాజుగుడ్డ ముక్క ఒకటి పెట్టింది. కోరిన్ ఎక్కడినుంచో పట్టుకొచ్చి ఇచ్చిన ముక్క అది. మిగిలిన జుట్టుకి మళ్లీ ఊదా షాంపూ పట్టించి, ఈసారి సరిగ్గా మూడు నిమిషాలకి కడిగేసింది. రోలర్లు చుట్టింది. కుదుళ్ల నుంచి వెనక్కి దువ్వి ఉబ్బించి, పైపొరని దాని మీద పరిచి, స్ప్రే కొట్టింది. కత్తిరించిన చోటు, గాజుగుడ్డ, గుంట, అన్నీ మాయమయ్యాయి. ఇరవై ఏడేళ్లలో ఐలీ తల ఇంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. ఆ సంగతి మార్లిస్‌కి తెలుసు. చేతులు ఎంత కడుక్కున్నా గోళ్లలో ఊదా మిగిలింది.

గురువారం పది గంటలకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పొడుగాటి మనిషి. మెడలో గుర్తింపు కార్డు, చంకలో ల్యాప్‌టాప్. జుట్టుకి లేత బంగారు రంగు వేయించుకుంది. వంటగది, మందుల అల్మరా, స్నానాల గదులు చూసి, పదకొండున్నరకి హాల్లోకి వచ్చింది. పక్కనే గ్రెచెన్. కిటికీల దగ్గర తెల్లటి తలలు వరసగా మెరుస్తున్నాయి.

"ఎంత శుభ్రంగా ఉంచారండీ వీళ్లని," అంది ఇన్‌స్పెక్టర్. ఐలీ కుర్చీ ముందు వంగింది. "మీ జుట్టు ఎంత బావుందో! ఇక్కడ మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారా?"

"సరే," అంది ఐలీ.

ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టుకుంది. గ్రెచెన్ మార్లిస్‌ని చూపించి, "అంతా మా మార్లిస్ చలవ," అంది.

"అవునా? అయితే నాకూ చెప్పండి. నా జుట్టు నెల తిరక్కుండా ఇత్తడిలా అయిపోతోంది. ఏం వాడతారు?"

"ఊదా షాంపూ," అంది మార్లిస్. "వారానికి ఒక్కసారి చాలు. మూడు నిమిషాలు. నీళ్ల పసుపు, ఎండ పసుపు అయితే పోతుంది."

"అన్ని పసుపులూ పోవా ఏంటి?"

ఆమె నవ్వుతూనే అడిగింది. మార్లిస్ అర్విడ్ వైపు చూసింది. అతను కిటికీలోంచి మంచు తోసే బండిని చూస్తున్నాడు.

"పోవు," అంది. "రండి, చూపిస్తా."

ఐలీ తలని మెల్లగా ముందుకి వంచి, నిన్న తనే పరిచిన పైపొరని రెండు వేళ్లతో ఎత్తింది. గాజుగుడ్డ తడిసి జుట్టుకి అంటుకుని ఉంది. దాన్ని తీసింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది. గ్రెచెన్ గబుక్కున ముందుకి వచ్చింది. గొంతు అప్పుడూ మెత్తగానే ఉంది.

"ఓ మై గాడ్. మార్లిస్, ఏం పెట్టారు మీరు ఆవిడ తలకి?"

"నేనా?"

"అంచులు చూడండి," అంది గ్రెచెన్ ఇన్‌స్పెక్టర్‌తో. "ఊదా రంగు. ఇది రసాయనం కాల్చిన గాయం. గత వారం షీట్‌లో చర్మం మామూలుగా ఉందని రాసి ఉంది. చూపిస్తాను రండి. ఈవిడ మంగళవారం తల కడిగారు, నేను వద్దన్నా వినకుండా. ఆవిడ పేరు లిస్టులో కూడా లేదు."

ఇన్‌స్పెక్టర్ మార్లిస్ వైపు తిరిగింది. "మంగళవారం ఎంతసేపు ఉంచారు?"

అబద్ధం చెప్పాలని ఆమెకి తోచలేదు. "ఎనిమిది నిమిషాలు."

"ఇప్పుడే మూడన్నారు కదా."

"అక్కడ తేలలేదండి. అందుకని..."

చుట్టూ చూసింది. కోరిన్ దుప్పట్ల బండి పట్టుకుని గోడవారగా ఉంది. మార్లిస్ కళ్లు తన మీద పడగానే ఆ పిల్ల తల దించుకుని, మడతపెట్టిన దుప్పటినే మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఫొటోలు తీసింది. ఒక ఫొటోలో మార్లిస్ వేళ్లు కూడా పడ్డాయి, ఊదా గోళ్లతో సహా. అంబులెన్స్ వచ్చి ఐలీని మార్క్వెట్ తీసుకుపోయింది.

శుక్రవారం పొద్దున గ్రెచెన్ ఫోన్ చేసింది. విచారణ అయ్యేదాకా రావద్దంది. జుట్టు పనికి లైసెన్సు ఇచ్చేవాళ్లకి కూడా రాయాల్సి వచ్చిందని, తనకి చాలా బాధగా ఉందని చెప్పింది. "అర్విడ్ విషయం కూడా... అర్థం చేసుకుంటారు కదూ."

అర్విడ్ అప్పటికే కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "పోదామా?" అన్నాడు. మార్లిస్ వెళ్లి కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. పది నిమిషాలకి అతను మళ్లీ తొడుక్కున్నాడు. ఆమె ఇక విప్పలేదు. ఆ రోజంతా కోటుతోనే కూర్చున్నాడు.

మూడు గంటలకి కోరిన్ కారు వాకిట్లో ఆగింది. పని బట్టల్లోనే ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"చెప్పేశాను," అంది.

"ఏం చెప్పావు?"

"ఇన్‌స్పెక్టర్ కార్డు ఇచ్చి వెళ్లింది కదా. పొద్దున ఫోన్ చేశాను. ఆరు వారాలు మీరు లేరని చెప్పాను. మీరు లేని వారాల్లో కూడా మీ పేరున టిక్కులున్నాయని చెప్పాను." ఫోన్ తీసి చూపించింది. దిండు మరక. జుట్టు ఎత్తిన చోట ఎర్రగా పగిలిన చర్మం. కింద తేదీ ఫిబ్రవరి ఇరవై ఒకటి. "మా వదిన నర్సు. ఏంటో చూడమని ఆమెకి పంపాను. అప్పటికి ఇంతే ఉంది. చూడండి, ఇంతే."

మార్లిస్ ఫొటోని పెద్దది చేసి చూసింది. అప్పటికి గుంట లేదు.

"నిన్న చెప్పలేకపోయావా?"

"చెప్పలేకపోయాను." కోరిన్ ముక్కు తుడుచుకుంది. "మీరు మంగళవారం చూడలేకపోయారా? వాసన రాలేదా మీకు?"

మార్లిస్‌కి కోపం రావాలి. రాలేదు. "వచ్చింది," అంది. "భోజనాల గంట కొట్టారు. ఇంకా ఐదుగురున్నారు."

"నాకు ఇంకా ఇరవై ఒక్క మంది ఉన్నారు," అంది కోరిన్.

చూరు నుంచి మంచు కరిగి మెట్ల మీద పడుతోంది.

"నిన్ను తీసేశారా?"

"మధ్యాహ్నం పన్నెండుకి. ఈ వారాంతం ఆ అంతస్తుకి ఎవరూ లేరు. నర్సు ఒక్కతే." కారు వైపు నడుస్తూ ఆగింది. "పన్నెండో నంబర్ గది ఆవిడకి ఎడమ మడమ ఎర్రబడుతోంది. ఎవరికి చెప్పాలో తెలియక మీకు చెప్తున్నా."

ఆమె వెళ్లగానే మార్లిస్ హోమ్‌కి ఫోన్ చేసింది. పేరు చెప్పగానే పెట్టేశారు. మళ్లీ చేసి, పేరు చెప్పకుండా, పన్నెండో నంబర్ ఎడమ మడమ అని గబగబా చెప్పింది. అవతల ఎవరో "రాసుకుంటాం" అన్నారు.

శనివారం అర్విడ్‌ని పక్కింటివాళ్ల దగ్గర దింపి, మార్క్వెట్ వెళ్లింది. ఆసుపత్రి నాలుగో అంతస్తులో గాయాలు చూసే నర్సు, చెయ్యి తిరిగిన పెద్దావిడ, మార్లిస్ ఎవరో తెలిసి ఒక్క క్షణం ఆమె గోళ్ల వైపు చూసింది.

"మీరేనా షాంపూ?"

"నేనేనండి."

"ఇది షాంపూ చేసిన పని కాదు. ఎముక దాకా దిగింది. నెల పైమాటే. కళ్లున్నవాళ్లెవరైనా చెప్తారు. నేను అదే రాశాను." గాజుగుడ్డ, కత్తెర ఉన్న పళ్లెం తీసుకుంటూ గొంతు తగ్గించింది. "కానీ విషం రక్తంలోకి ఎక్కిపోయింది. ఆవిడ మేనకోడలు టెక్సాస్ నుంచి ఫోన్‌లో మాట్లాడింది. ఇక కోతలూ అవీ వద్దంది. నొప్పి తెలియకుండా చూస్తున్నాం. రెండు రోజులో, మూడో."

"నా మీద రాసింది..."

"అదంతా తేలడానికి నెలలు పడుతుంది. మీకు తెలియంది కాదు."

ఐలీ తల నున్నగా గొరిగేశారు. మార్లిస్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇరవై ఏడేళ్లుగా ఆమె చేతుల్లో ఉన్న ఆ తల ఆకారం ఆమెకి తెలియనే తెలియదు. ఇంత చిన్నదా! కుడి చెవి పైన పాత దెబ్బ మచ్చ ఒకటుంది. చిన్నప్పటిదై ఉండాలి. ఎన్ని వందలసార్లు దువ్విందో, ఎప్పుడూ కనపడలేదు. వెనక తెల్లటి కట్టు. కింద దిండుకి బదులు గాలి నింపిన చక్రంలాంటిది పెట్టారు. అది ఒక పక్కకి జరిగిపోయి, కట్టు అంచు పరుపుకి ఒత్తుకుంటోంది.

నర్సు ఇంకో గదిలోకి వెళ్లింది. మార్లిస్ పిలుద్దామని తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మంచం పక్కకి కుర్చీ లాక్కుని, ఐలీ మెడ కిందుగా చెయ్యి పోనిచ్చి, కట్టుకి ఏదీ తగలకుండా తల బరువంతా అరచేతిలోకి తీసుకుంది. ఐలీ కళ్లు తెరవలేదు. కాసేపటికి ఆవిడ మెడలో బిగువు సడలి, తల ఇంకా బరువుగా దిగింది.

పది నిమిషాలకి మార్లిస్ మోచెయ్యి తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకుందామంటే తల కదులుతుంది. రెండో మోచేతిని మొదటి దాని కింద ఊతంగా పెట్టుకుంది. బయట వరండాలో భోజనాల బండి గిన్నెల చప్పుడుతో ఒక్కో గది దగ్గరా ఆగుతూ వస్తోంది. గుమ్మం దగ్గర ఆగి ఎవరో లోపలికి తొంగి చూసి, "మీకేమైనా కావాలా?" అని అడిగారు.

"ఏం వద్దు," అంది మార్లిస్, తల తిప్పకుండానే.